కూనూరా, కోయంబత్తూరా, అసలు మీకేం కావాలి?

ప్రశ్న: మేడమ్, మాది అనంతపురం. పెళ్లయినప్పట్నుంచి బెంగళూరులోనే, వైట్‌ఫీల్డ్ దగ్గర ఉంటున్నాం. నాకు 41, మావారికి 45. పాప ఎనిమిదో తరగతి. అత్తగారు మాతోనే ఉంటారు, 72 ఏళ్లు, ఆస్తమా ఉంది, ఒక మోకాలికి ఆపరేషన్ అయింది. మావారిది ఇప్పుడు పూర్తిగా వర్క్ ఫ్రం హోమ్. ఇక్కడి ట్రాఫిక్, 2024 ఎండాకాలంలో ట్యాంకర్ల కోసం పడ్డ అవస్థ చూసి ఈ ఊరు వద్దే వద్దంటున్నారు. ఏప్రిల్‌లో ఊటీ దగ్గర కొండ మీదున్న కూనూర్ వెళ్లొచ్చాం, అప్పట్నుంచి అక్కడే ఉందామని ఒకటే పట్టు. ఒక స్థలం చూశారు, అడ్వాన్స్ ఇచ్చేస్తానంటున్నారు. పోనీ కింద కోయంబత్తూరులో ఉందాం, హాస్పిటళ్లు స్కూళ్లు ఉంటాయి అంటే "నువ్వు ప్రతిదానికీ అడ్డం పడతావు" అంటారు. అప్పట్లో ఆయన ఉద్యోగం కోసం నా టీచర్ ఉద్యోగం వదిలేసి ఇక్కడికొచ్చాను, ఇప్పుడు ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. ఈసారి కూడా నన్ను ఎవరూ అడగలేదు. మీరే చెప్పండి, కొండ మీదా, సిటీలోనా?
ఒక సోదరి, బెంగళూరు

జవాబు: అమ్మా, రెండిట్లో ఏదో నా అభిప్రాయం చెప్తాను, దాటెయ్యను. కానీ మీ ఉత్తరమంతా చదివాక నాకు పట్టుకున్నది కొండా కాదు సిటీ కాదు, చివర్లో మీరు ఊరికే అనేసి వదిలేసిన ఆ ఒక్క మాట, ఈసారి కూడా నన్ను ఎవరూ అడగలేదు అని. ఇంకోటి గమనించాను, కోయంబత్తూరు నాకు ఇష్టం, అక్కడ ఉండాలనుంది అని మీరెక్కడా రాయలేదు. ఆయన ఒక ధర చెప్తే మీరు సగానికి బేరమాడినట్టు ఆ ఊరి పేరు చెప్పారు. అంటే అసలు బెంగళూరు వదలడం మీకు ఇష్టమేనా కాదా అన్నది ఇంతవరకూ మీ ఇంట్లో మాటల్లోకే రాలేదు, మీరు కూడా తేలేదు. మీ ట్యూషన్ పిల్లలు, మీరు రోజూ పలకరించే నాలుగు మొహాలు, కాస్తో కూస్తో మీ సొంత సంపాదన, ఇవన్నీ మీరు మళ్లీ మొదట్నుంచి కట్టుకున్నవి. ఉద్యోగం పోయిన చోట ఇంకోటి మొలిపించుకోవడం ఎంత కష్టమో ఒకసారి చేసినవాళ్లకే తెలుస్తుంది, దాన్ని రెండోసారి పీకేసే ముందు నన్ను అడగండి అనడం అడ్డం పడటం కాదమ్మా, అది మీ హక్కు.

అందుకని మీవారితో మాట్లాడేటప్పుడు కూనూర్ మంచిదా కోయంబత్తూరు మంచిదా అని మొదలెట్టకండి. మనం ఇక్కణ్ణించి ఎందుకు వెళ్తున్నాం అని అడగండి. ట్రాఫిక్ అంటారా, ఆయన ఆఫీసుకి వెళ్లక్కర్లేనప్పుడు వైట్‌ఫీల్డ్‌లోనే ఉండాలని ఏముంది, ఇదే బెంగళూరులో ప్రశాంతంగా ఉండే పాత ఏరియాలు ఉన్నాయి, రెండు మూడు గంటల దూరంలో మైసూరు ఉంది. నీళ్లంటారా, శివారు ఊళ్లకి కావేరి ఐదో దశ నీళ్లు 2024 అక్టోబర్ నుంచి మొదలయ్యాయి, మీ అపార్ట్‌మెంట్‌కి కనెక్షన్ వచ్చిందో లేదో అసోసియేషన్‌లో కనుక్కోండి. ఇవి రెండూ కాదు, నాకు ఈ జీవితమే విసుగొచ్చింది అంటారా, అప్పుడు అది ఇంకో రకం మాట, దాని దగ్గరకి తర్వాత వస్తాను.

ఇప్పుడు కొండ సంగతి. కూనూర్ అందమైన ఊరు, అందులో రెండో మాట లేదు. కానీ మీరు చూసింది ఏప్రిల్ కూనూర్. కింద మైదానాలన్నీ మాడిపోతున్నప్పుడు పైన చల్లగా, సిమ్స్ పార్కులో పూలు, టీ తోటల మీద ఎండ. అక్కడ ఉండాలనుకునేవాళ్లు చూడాల్సింది నవంబర్. నీలగిరుల్లో తూర్పు వైపున్న కూనూర్‌కి, కోటగిరికి మన ఈశాన్య రుతుపవనాల వాన గట్టిగా తగులుతుంది, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. రోజుల తరబడి ముసురు, బట్టలు ఆరవు, గోడలకి చెమ్మ, బీరువాలో పట్టుచీరలకి బూజు, దోసెల పిండి పొద్దున్నకి పులవదు, ఎక్కడో చెట్టు విరిగి తీగల మీద పడితే కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు, కరెంటుతో పాటు ఇంటర్నెట్టూ పోతుంది, మీవారి ఉద్యోగం నడిచేది దాని మీదే కదా. 2009 నవంబర్‌లో ఆ జిల్లాలో కొండచరియలు విరిగిపడి 40 మందికి పైగా పోయారు. ప్రతి ఏడూ అలాగే అవుతుందని భయపెట్టడానికి చెప్పట్లేదు, కానీ పెద్ద వానలకి ఘాట్ రోడ్డు మీద మట్టి జారడం, పట్టాలు మూసుకుపోయి ఊటీ కొండ ఎక్కే చిన్న రైలు ఆపెయ్యడం అక్కడివాళ్లకి మామూలే.

ఇందులో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసేది మీ అత్తగారు. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, కూనూర్ సుమారు 1,850. ఆ ఎత్తులో గాలి కొంచెం పలచబడుతుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది, ఆస్తమా ఉన్న పెద్దావిడకి ఎత్తు కంటే కూడా ఆ చలి, ఆ చెమ్మ, ఆ బూజు ఎక్కువ ఇబ్బంది పెట్టొచ్చు. కొందరికి కొండగాలి పడి హాయిగా ఉంటుంది, అది కూడా నిజమే, అందుకే ఆవిడని చూసే డాక్టర్‌ని ముందు అడగండి, వెళ్లాక కాదు. పోతే మోకాలు. కూనూర్‌లో చదునుగా ఉండే చోటు వెతుక్కోవాలి, ఎక్కడ చూసినా ఎత్తూ పల్లం, ఇంటికి రోడ్డు మీద నుంచి మెట్లు దిగాలి లేదా ఎక్కాలి. ఇక్కడ సాయంత్రం కిందకి దిగి బెంచీ మీద కూర్చుని ఇంకో ఇద్దరు ముసలివాళ్లతో తెలుగులో మాట్లాడుకునే మనిషి, అక్కడ వానాకాలం మూణ్ణెల్లు కిటికీ దగ్గర కూర్చోవాల్సి వస్తుంది. మాట్లాడదామంటే చుట్టూ తమిళం, బడగ భాష. ఆవిడని ఎవరైనా అడిగారా? మీలాగే ఆవిడ్నీ అడగలేదేమో అని నాకు అనుమానం. ఈ విషయంలో మీ ఇద్దరూ ఒక వైపు ఉన్నారు, ఆవిడతో ఒకసారి విడిగా కూర్చుని మాట్లాడండి.

రాత్రి రెండింటికి ఆవిడకి ఆయాసం వస్తే ఏం చేస్తారు అన్నది కాగితం మీద రాసుకోండి. కూనూర్‌లో లాలీ గవర్నమెంట్ హాస్పిటల్ ఉంది, ఊటీలో ఇప్పుడు గవర్నమెంట్ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది, కాబట్టి పైన ఏమీ లేదనడం తప్పు. కానీ పెద్ద స్పెషలిస్టులు కావాలంటే కిందకి దిగాల్సిందే, 14 హెయిర్‌పిన్ మలుపుల ఘాట్ దిగి మెట్టుపాళయం, అక్కణ్ణించి కోయంబత్తూరు, మొత్తం 70 కిలోమీటర్లు, అన్నీ బాగుంటే రెండు రెండున్నర గంటలు. పొగమంచు, వాన, సీజన్ ట్రాఫిక్ ఉంటే ఎంతని చెప్పలేం. ఆ బండి నడిపేది ఎవరు? మీవారు ఊళ్లో లేని రోజు ఆ రోడ్డు మీద మీరు నడపగలరా? ఇలాంటివే చిన్న చిన్నవి ఇంకొన్ని ఉన్నాయి, మైసూరు మీదుగా బెంగళూరు రావాలంటే బందీపూర్ అడవి దారి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, అర్జెంటైతే సేలం వైపు చుట్టు తిరిగి రావాలి. 2024 నుంచి నీలగిరులకి వచ్చే బయటి బళ్లకి ఈ-పాస్ కూడా పెట్టారు, అనంతపురం నుంచి మీ పుట్టింటివాళ్లు కారులో రావాలన్నా తీసుకోవాల్సిందే.

పాప విషయానికొస్తే, తమిళనాడులో 2006లో చేసిన చట్టం వల్ల పదో తరగతి దాకా తమిళం చదవాలి, బయటి రాష్ట్రం నుంచి మధ్యలో వచ్చే పిల్లలకి మినహాయింపు ఎలా ఇస్తారు అనేది స్కూల్లో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఇది కూనూరైనా కోయంబత్తూరైనా ఒకటే. ఎనిమిదో తరగతి పిల్లకి స్నేహితులంటే ప్రాణం, ఆ వయసులో ఊరు మారితే ఏడుస్తుంది, తర్వాత సర్దుకుంటుంది, కానీ తొమ్మిది మధ్యలోనో పది మధ్యలోనో మాత్రం కదపకండి. వెళ్తే ఈ అకడమిక్ ఇయర్ అవ్వగానే, లేదంటే పది పరీక్షలు అయ్యాక.

కోయంబత్తూరు గురించి మన తెలుగువాళ్లకి తెలియాల్సినంత తెలీదు. అక్కడ తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి, నాయుళ్లు, దేవాంగులు, ఇంకా ఎందరో, పేరున్న ఆవిష్కర్త జి.డి. నాయుడు గారు ఆ ఊరివాళ్లే. వాళ్ల తెలుగు మన చెవికి కొత్తగా ఉంటుంది, సగం తమిళం కలుస్తుంది, అయినా కూరగాయల కొట్లో ఎవరో తెలుగులో పలకరిస్తే మీ అత్తగారి మొహం ఎలా ఉంటుందో ఊహించండి. పీఎస్‌జీ, కేఎంసీహెచ్ లాంటి పెద్ద ఆసుపత్రులు, ఎముకలకి గంగా హాస్పిటల్ ఊళ్లోనే. బెంగళూరుకి వందే భారత్ ఉంది, పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతారు. మీరు మళ్లీ టీచర్‌గా చేరాలనుకుంటే స్కూళ్లకి కొదవ లేదు. మార్చి నుంచి మే దాకా ఎండ ఉంటుంది, బెంగళూరు అలవాటైన ఒంటికి అది గట్టిగానే తగులుతుంది, కానీ పాలక్కాడ్ కనుమ లోంచి వచ్చే గాలి వల్ల సాయంత్రాలు చెన్నై అంత ఉక్కగా ఉండవు.

కాబట్టి బెంగళూరు వదలడం ఖాయమైతే నా ఓటు కోయంబత్తూరుకే, పాప పదో తరగతి అయ్యేదాకా, అత్తగారు మీతో ఉన్నన్నాళ్లూ. ఇది మీరు గెలిచినట్టు ఆయనకి అనిపించకూడదు మరి. ఆయనకి కొండ కావాలి, ఆ కోరికలో తప్పేమీ లేదు. కోయంబత్తూరులో సంసారం పెట్టుకుని కూనూర్‌లోనో కోటగిరిలోనో చిన్న ఇల్లు నెల అద్దెకి తీసుకుని ఆయన నెలకో వారం అక్కడ కూర్చుని పని చేసుకోవచ్చు, సెలవుల్లో అందరూ వెళ్లొచ్చు. అద్దె రెండు చోట్ల కట్టాలి కదా అంటారు, నిజమే, స్థలం కొని ఇల్లు కట్టే ఈఎంఐతో పోల్చి చూడండి. ముందు ఈ అక్టోబర్ చివర్లోనో నవంబర్‌లోనో ఆయన్ని అక్కడ ఒక నెల ఉండి రమ్మనండి, హోటల్లో కాదు, మామూలు ఇంట్లో, వండుకుని, బట్టలు ఉతుక్కుని, ఆఫీసు కాల్స్ తీసుకుంటూ. వీలైతే మీరూ పాపా సెలవులు చూసుకుని కొన్ని రోజులు కలవండి. అది అయ్యాక కూడా ఆయనకి అదే ప్రేమ ఉంటే దాన్ని గౌరవించాలి మీరు.

ఇక ఆ ఇంకో మాట. ఏప్రిల్ నుంచి ఇంత పట్టుగా ఉన్న మనిషి లోపల ఏదో బాగా అలిసిపోయి ఉండొచ్చు. ఇంట్లోనే ఆఫీసు, బయటికి వెళ్లేది లేదు, మాట్లాడే స్నేహితులు లేరు, ఇలా ఉన్నవాళ్లకి ఒక ట్రిప్పులో దొరికిన హాయిని వదులుకోబుద్ధి కాదు. నిద్ర సరిగ్గా పడుతోందా, ఇదివరకు ఇష్టమైనవి ఇప్పుడూ ఇష్టంగా చేస్తున్నారా, చిన్నదానికి కోపం వస్తోందా గమనించండి. అవునంటే అది ఊరు మార్చితే పోయే విషయం కాకపోవచ్చు, కొండ మీద ఒంటరితనం ఇంకా ఎక్కువ. మన ఊళ్లో మానసిక ఆరోగ్యానికి నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది, ముందు ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఉచితం, ఏ టైమైనా చెయ్యొచ్చు, తెలుగులో కూడా మాట్లాడతారు. నీకేదో జబ్బు అని చెప్పకండి, నువ్వు అలిసిపోయావని నాకు కనపడుతోంది అనండి, ఆ మాట భార్య నోటి నుంచి వింటే చాలామంది మగవాళ్లు మెత్తబడతారు.

అడ్వాన్స్ మాత్రం ఇప్పుడు వద్దు, ఇది గట్టిగా చెప్తున్నా. నీలగిరుల్లో స్థలం కొనడం వేరు, దాని మీద ఇల్లు కట్టనివ్వడం వేరు. కొండ ప్రాంతాలకి కట్టడాల రూల్స్ విడిగా ఉన్నాయి, చెట్టు కొట్టాలన్నా 1955 నాటి చట్టం కింద పర్మిషన్ కావాలి, టీ తోటని ఇళ్ల స్థలంగా మార్చడం అంత తేలిక కాదు. పట్టా, ఈసీ, లేఅవుట్ అప్రూవల్ అన్నీ అమ్మేవాళ్లకి సంబంధం లేని లోకల్ లాయర్‌కి చూపించాకే డబ్బు కదలాలి. ఈ ఆదివారం పాపని స్నేహితురాలి ఇంటికి పంపి, మీవారితో కూర్చుని ముందు ఈ ఒక్క విషయం అడగండి, నవంబర్ గడిచేదాకా ఆగుదాం అని. దానికి ఆయన ఒప్పుకుంటే మిగతావి మెల్లగా మాట్లాడుకోవచ్చు. ఒప్పుకోకపోతే, మీ ఇద్దరి జాయింట్ అకౌంట్‌లోంచి గానీ మీ బంగారం మీద గానీ ఆ అడ్వాన్స్ కోసం ఎక్కడా సంతకం పెట్టకండి, పెట్టనని ముందే చెప్పండి, అరవకుండా, ఏడవకుండా, మామూలు గొంతుతో.