స్వదేశీ కారా, దిగుమతి కారా: ఎక్కువ కాలం మన్నేది ఏది?

ప్రశ్న: కనీసం పదేళ్లు వాడుకునేలా ఒక పాత కారు కొనాలనుకుంటున్నాను. దిగుమతి కార్లు గట్టివని కొందరు, స్వదేశీ కార్లకే విడిభాగాలు సులువుగా దొరుకుతాయని మరికొందరు చెబుతున్నారు. ఏది నమ్మాలి? ఫోన్ యాప్‌తో కారు పరిస్థితి తెలుస్తుందా?

జవాబు: విడిభాగాల మాట చాలావరకు నిజమే. మీకు దగ్గరలోని వర్క్‌షాపులో ఆ మోడల్ విడిభాగాలు ఎన్ని రోజుల్లో వస్తాయో ముందే కనుక్కోండి. మన్నిక సంగతి మాత్రం వేరు, దాన్ని బ్రాండ్ పుట్టిన దేశాన్ని బట్టి తేల్చలేము. జనరల్ మోటార్స్, టయోటా కలిసి 1984లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ప్రారంభించిన ‘నమ్మి’ (NUMMI) అనే కర్మాగారంలో టయోటా కరోలా, దాదాపు అవే యంత్రభాగాలతో జనరల్ మోటార్స్ అమ్మిన జియో ప్రిజమ్ ఒకే చోట తయారయ్యేవి. అయినా పాత కార్ల మార్కెట్లో ప్రిజమ్ చవకగా దొరికేది. కరోలా కొన్నవారు టయోటా అనే పేరుకు కూడా డబ్బు చెల్లించారన్నమాట.

అందువల్ల మీరు పోల్చవలసింది ఇంజిన్‌ను, గేర్‌బాక్స్‌ను, వాటికి జరిగిన సర్వీసును. ఒకే కంపెనీ కార్లలోనూ ఒక గేర్‌బాక్స్ ఏళ్ల తరబడి నిలవవచ్చు, మరొకటి త్వరగా మొరాయించవచ్చు. టైమింగ్ బెల్టు (పిస్టన్లు, వాల్వుల కదలికలను జతపరిచే పట్టీ) ఉన్న ఇంజిన్ అయితే దాన్ని ఎప్పుడు మార్చారో రసీదు అడగండి. చాలా ఇంజిన్లలో అది నడుస్తుండగా తెగితే పిస్టన్లు వాల్వులను ఢీకొని ఇంజినే పాడవుతుంది.

ఇక యాప్ విషయం. 1996 నుంచి అమెరికాలో అమ్మే దాదాపు అన్ని కార్లకూ ఓబీడీ-2 పోర్టు, అంటే కారు కంప్యూటర్ గుర్తించిన లోపాలను బయటి నుంచి చదివే సాకెట్, తప్పనిసరి అయింది, ఇతర దేశాల్లోనూ ఇలాంటి నిబంధనలే తర్వాత వచ్చాయి. సాధారణంగా స్టీరింగ్ కింద ఉండే ఆ 16 పిన్నుల పోర్టుకు బ్లూటూత్ అడాప్టర్ తగిలిస్తే లోపాల కోడ్‌లు ఫోన్‌లో కనిపిస్తాయి. అయితే కోడ్‌లు ఏమీ లేవని సంతోషించే ముందు ‘రెడీనెస్ మానిటర్స్’ అనే పేజీ తప్పక చూడండి. అమ్మేవారు కోడ్‌లను ఇటీవలే చెరిపేసి ఉంటే అక్కడ కారు తనంతట తాను చేసుకునే కొన్ని పరీక్షలు ‘నాట్ రెడీ’ (ఇంకా పూర్తికాలేదు) అని కనిపిస్తాయి. బ్యాటరీ తీసి పెట్టినా అలాగే కనిపించవచ్చు కాబట్టి వెంటనే తప్పుపట్టకుండా, కారును కొన్ని రోజులు మామూలుగా నడిపాక మళ్లీ చూస్తానని అడగండి. అందుకు ఒప్పుకోకపోతే, అది ఏ దేశపు కారైనా సరే, నేనైతే కొనను.