ఇంట్లో నలుగురూ నాలుగు ఉద్యోగాల గురించి మాట్లాడుతున్నారు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. పుట్టిల్లు గుడివాడ దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా అక్కడే చదివాను. ఇంటర్ ఎంపీసీ, తర్వాత బీఎస్సీ. పెళ్లయిన ఎనిమిదేళ్ల నుంచి రాజమండ్రిలో అత్తగారింట్లో ఉంటున్నాం. ఆరేళ్ల పాప ఉంది. నాలుగేళ్లుగా ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి చెబుతున్నాను. జీతం 11 వేలు. ట్రైనింగ్ లేదు కాబట్టి వచ్చే ఏడాది ఉంచుతామో లేదో అని ప్రతి వేసవిలోనూ అంటారు. మా ఆడపడుచుకి ప్రభుత్వ టీచర్ పోస్టులు నింపే మెగా డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టు వచ్చింది. తనలాగే బీఈడీ చెయ్యమంటోంది. మావారు ఎవరో కన్సల్టెన్సీ వాళ్లతో మాట్లాడి వచ్చారు. 80 వేలు కడితే కాలేజీకి వెళ్లక్కర్లేదట, పరీక్షలు రాస్తే చాలట. అత్తగారు 'ఈ వయసులో పుస్తకాల సంచి ఏమిటి' అని ఒక్కసారి అన్నారు, అప్పటినుంచి ముభావంగా ఉంటున్నారు. నాకేమో చిన్నపిల్లలకి చెప్పడమే ఇష్టం. రోజూ రాత్రి భోజనాల దగ్గర ఇదే గొడవ. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీరు ఉత్తరం రాసి ఫొటో తీసి పంపారు. కాగితం పల్చనిది కావడంతో వెనక అచ్చయిన మూడో తరగతి లెక్కల యూనిట్ టెస్ట్ కూడా కనబడింది. ఏడో ప్రశ్నలో మామిడికాయల బొమ్మలు నల్లగా మసకేసినట్టు పడితే, ఒక్కోదానికీ పెన్నుతో తొడిమ దిద్దారు. మీకు ఏ తరగతి కావాలో ఇక నేను వేరే అడగక్కర్లేదు.

మీ ఇంట్లో గొడవ చదవాలా వద్దా అన్నదాని మీద కాదని నాకనిపిస్తోంది. మీ ఆడపడుచు హైస్కూలు ఉద్యోగం గురించి చెబుతోంది. మీవారు ఒక సర్టిఫికెట్ గురించి చెబుతున్నారు. మీరు మూడో తరగతి పిల్లల గురించి చెబుతున్నారు. అత్తగారు పైకి చెప్పకుండా మరొకటి అంటున్నారు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

మీ ఆడపడుచు సలహాలో తప్పేమీ లేదు, తన వరకూ. డిగ్రీ మీద రెండేళ్ల బీఈడీ చేస్తే దారి స్కూల్ అసిస్టెంట్ పోస్టుకి, అంటే ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు. ఒకటి నుంచి ఐదు తరగతులకి చెప్పే ఎస్జీటీ పోస్టుకి కావలసింది ఇంటర్ మీద రెండేళ్ల డీఈఎల్‌ఈడీ, మన వైపు ఇప్పటికీ టీటీసీ అనే అంటాం. మధ్యలో కొన్నాళ్లు ఈ గీత చెరిగిపోయింది. 2018లో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి బీఈడీ వాళ్లు కూడా ప్రాథమిక తరగతులకి అర్హులేనంది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు కుదరదని తేల్చేసింది. 'బీఈడీ చేస్తే రెండిటికీ పనికొస్తుంది' అని మీకెవరైనా చెబితే అది ఆ నాటి మాట. ఇప్పుడు మీరు బీఈడీ చేస్తే ప్రభుత్వ బడిలో మూడో తరగతి తలుపు మీకు మూసినట్టే. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే వాటిలో ఆరు వేలకి పైగా ఎస్జీటీలే.

అందుకే మీరు డీఈఎల్‌ఈడీ చెయ్యండంటాను. డిగ్రీ చదివి మళ్లీ ఇంటర్ అర్హతతో చేరడమేమిటని ఇంట్లో ఎవరో ఒకరు మూతి విరుస్తారు. విరవనివ్వండి. అందులో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష డీసెట్‌కి పై వయసు హద్దు లేదు. ఇంటర్‌లో సగం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకి 45 శాతం చాలు. రాజమండ్రి పక్కనే బొమ్మూరులో ప్రభుత్వ డైట్, అంటే టీచర్ ట్రైనింగ్ కాలేజీ ఉంది. అక్కడ సీటొస్తే ఫీజు మీకు పెద్ద బరువు కాదు, ఇంటి నుంచే వెళ్లిరావచ్చు. రేపెప్పుడైనా హైస్కూలు మీద మనసు పడితే మీ బీఎస్సీ ఎక్కడికీ పోదు. రెగ్యులర్‌గా డీఈఎల్‌ఈడీ చేసినవాళ్లు ఇగ్నోలో దూరవిద్య బీఈడీ చేసుకునే వీలుంది. ఏ ట్రైనింగూ లేకుండా నేరుగా ఆ దూరవిద్య బీఈడీలో చేరడం మాత్రం కుదరదు.

ఇక ఆ 80 వేల సంగతి. బీఈడీ అయినా డీఈఎల్‌ఈడీ అయినా నిబంధన ఒకటే. తరగతులకి 80 శాతం, స్కూలు ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరుండాలి. బీఈడీలోనైతే 20 వారాలు బడిలో గడపాలి. వెళ్లక్కర్లేదని ఎవరన్నా అంటే, మీ పేరున ఆ హాజరు ఎవరో దొంగగా వేస్తారని అర్థం. మా బంధువుల్లో ఒకావిడ ఇలాగే కట్టింది. రెండో ఏడాది పరీక్ష ఫీజు కట్టబోతే ఇంకో పాతిక వేలు తెమ్మన్నారు. ముందు కట్టినదానికి రసీదు అడిగితే నవ్వారట. వెళ్లి అడగడానికి ఆమెకి నోరు లేకపోయింది, తప్పులో తనకీ భాగముంది కదా. డబ్బు పోతే పోయింది. రేపు సర్టిఫికెట్ వెరిఫికేషన్ జరిగినన్ని రోజులూ కడుపులో టెన్షన్ పెట్టుకుని తిరగడం ఎందుకమ్మా?

'నాలుగేళ్లుగా చెబుతూనే ఉన్నావు, కొత్తగా నేర్పేదేముంది' అని మీవారు అడగొచ్చు. అడిగితే ఒక్క విషయం చెప్పండి. ట్రైనింగులో మైక్రో టీచింగ్ అని ఉంటుంది. ఐదారు నిమిషాలు పాఠం చెప్పాలి, తోటివాళ్లు వెనక కూర్చుని రాసుకుంటారు. మా వదిన మొదటిసారి చెప్పాక ఆమె స్నేహితురాలు చేతికిచ్చిన కాగితంలో ఇలా ఉందట: 'తొమ్మిది ప్రశ్నలు అడిగావు, ఏడు మొదటి బెంచీకే'. అప్పటికి ఆవిడ కూడా ప్రైవేటు బడిలో మూడేళ్లు చెప్పి ఉంది. ఆ మూడేళ్లలో ఆమెకి ఈ మాట చెప్పినవాళ్లు లేరు.

అయితే మీవారిని దోషిగా నిలబెట్టకండి. ఆయన ఆ కన్సల్టెన్సీ దాకా వెళ్లింది మీ కోసమే. ఆయన మనసులో ఉన్న లెక్క మీరూ వేసుకోవాలి. రెగ్యులర్ కోర్సులో చేరితే ఉద్యోగం మానేయాలి. నెలకి 11 వేలు, 24 నెలలు, మొత్తం 2 లక్షల 64 వేలు. అసలు ఖర్చు ఇదీ, ఫీజు కాదు. పాప స్కూలు ఫీజు మీ జీతంలోంచే కడుతున్నారేమో, మీరు రాయలేదు. భోజనాల దగ్గర కాకుండా ఒక ఆదివారం పొద్దున్నే కాగితం ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. సాయంత్రాలు ఇంట్లో నలుగురైదుగురు పిల్లలకి ట్యూషన్ చెబితే ఎంత వస్తుంది, ఆ రెండేళ్లు ఏ చీటీ ఆపాలి, ఏది ఆపకూడదు, అన్నీ రాసి చూడండి. అంకెలు ముందుంటే గొంతులు పెరగవు.

అత్తగారి ముభావం గురించి. మీరు ఇంటికొచ్చే వేళ మారితే సాయంత్రం పాపని ఎవరు చూస్తారు? ఆవిడే. ఆ మాట మీలో ఎవరైనా ఆవిడని అడిగారా? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అడిగినట్టు లేదు. నిర్ణయం చెప్పారు, పని ఒప్పజెప్పారు. అరవై దాటిన మనిషి 'నాకు ఓపిక లేదు' అనడానికి మొహమాటపడి 'ఈ వయసులో నీకెందుకు' అంటుంది. అనుమతి కోసం నిలబడకండి, సాయం అడగండి. 'అత్తయ్యా, నాలుగింటి నుంచి ఐదున్నర దాకా దాన్ని మీరు చూడగలరా, కష్టమైతే పక్కింటివాళ్లని అడుగుతాను' అనండి. రెండో సగం కూడా నిజంగానే అనండి.

మీ ఇంట్లో ఎవరూ ఎత్తని విషయం ఇంకొకటుంది. డీఎస్సీలో ఎక్కువ పోస్టులు జిల్లాలో లోకల్ అయినవాళ్లకే. మీరు చదివిన చోటును బట్టి లోకల్ అవుతారు, మెట్టిన ఊరును బట్టి కాదు. పదో తరగతితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు. అంటే మీరు కృష్ణా జిల్లా లోకల్. తూర్పు గోదావరికి నాన్‌లోకల్‌గా పోటీపడొచ్చు, కానీ ఆ వాటా చిన్నది. ఉద్యోగం వస్తే గుడివాడ వైపు ఏ పల్లెలోనో రావచ్చు. రాజమండ్రి నుంచి రోజూ తిరిగే దూరం కాదది. పాప మీతో వస్తుందా? మీవారి పని మారుతుందా? మీ అమ్మావాళ్లింట్లో ఉంటారా? అలా ఉంటే అత్తగారికి ఎలా అనిపిస్తుంది? ఆర్డర్ చేతికొచ్చిన రోజున ఈ ప్రశ్నలు మొదలైతే సంతోషం ఒక్క పూట కూడా మిగలదు. ఇప్పుడే మాట్లాడుకోండి.

డీఎస్సీ ఎప్పుడొస్తుందో నమ్మి ఇంట్లో మాటివ్వకండి. ఆంధ్రలో 2018 తర్వాత మళ్లీ పోస్టులు నింపింది 2025లోనే. మధ్యలో 2024లో ఒక నోటిఫికేషన్ వచ్చి రద్దయింది. మెగా డీఎస్సీలో వయసు హద్దు ఓసీలకి 44 కాబట్టి మీకు వ్యవధి ఉంది, కానీ 'రెండేళ్లలో ఉద్యోగం' అని మాత్రం అనొద్దు. కోర్సు అయ్యాక టీచర్ల అర్హత పరీక్ష టెట్‌లో ప్రాథమిక తరగతులకి ఉండే పేపర్-1 రాసి పెట్టుకోండి. 150 మార్కులకి ఓసీలకి 90, బీసీలకి 75, ఎస్సీ, ఎస్టీలకి 60 వస్తే పాస్. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది, డీఎస్సీ ర్యాంకులో 20 శాతం వెయిటేజీ దానిదే. అందుకే పాసయ్యాక కూడా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాస్తారు. ఈలోగా ప్రైవేటు బడిలోనైనా ట్రైనింగ్ ఉన్నవాళ్లతో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. ప్రతి వేసవిలో వినే ఆ మాట తప్పుతుంది.

ఈసారి పుట్టింటికి వెళ్లినప్పుడు మీ పాత బడికి వెళ్లి నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు తెచ్చుకోండి. పెళ్లికి ముందున్న ఇంటిపేరే రికార్డుల్లో ఉంటుంది కాబట్టి ఆధార్‌లోనూ టెన్త్ మెమోలోనూ పేరు ఒకేలా ఉందో లేదో కూడా చూసుకోండి. కన్సల్టెన్సీకి అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే అది వెనక్కి అడగండి, రాకపోతే వదిలేయండి, మిగతాది మాత్రం కట్టొద్దు.

అన్నట్టు, ఆ ఏడో ప్రశ్నలో '12 మామిడికాయలను ముగ్గురికి సమానంగా పంచండి' అని ఉంది. రెండుసార్లు లెక్కపెట్టాను, 11 బొమ్మలే ఉన్నాయి. పిల్లలకి ఇంకా ఇవ్వకపోతే ఒకటి గీసి, దానికీ తొడిమ పెట్టండి.