మౌతార్గాన్‌కి ఇంట్లో మైకు పెట్టుకోవాలంటే తక్కువ ఖర్చులో ఏం కొనాలి?

మౌతార్గాన్ ఈమధ్యే మొదలుపెట్టాననీ, ఇంట్లో మైకు పెట్టుకుని వాయించుకోవాలని ఉందనీ, ఐదారు వేలల్లో ఏ మైకు, ఏ ఆంప్లిఫయర్ తీసుకోవచ్చో చెప్పమనీ అడిగారు. ఐదారు వేలు చాలు. నాకు మొత్తం 6,100 అయింది, అందులో 400 దండగ ఖర్చే. కాకపోతే అక్కడిదాకా వచ్చేలోపు నేనొక వెధవ పని చేశాను. అది చెప్పకుండా లిస్టు ఒక్కటీ రాసిస్తే మీరూ అదే చేస్తారేమోనని భయం.

నాది తెనాలి. మందుల షాపు. మందులు అమ్ముతాను కాబట్టి ఊళ్లో సగం మంది ‘డాక్టరు గారూ’ అంటారు, వద్దన్నా వినరు. రాత్రి షట్టర్ దించి, పైనే ఇల్లు కాబట్టి మెట్లెక్కి, భోంచేసి ఓ అరగంట వాయించుకోవడం అలవాటు. వేసవిలో కూలర్ వేస్తే నా పాట నాకే వినపడదు. కూలర్ ఆపితే మా ఆవిడ ఊరుకోదు. ఈ మైకు ఆలోచన పుట్టింది అక్కడే.

యూట్యూబ్ తెరిచాను. మౌతార్గాన్‌కి మైకు అనగానే అక్కడ అందరిదీ ఒకటే పాట: బుల్లెట్ మైకు కొను, వాల్వు ఆంప్ కొను. బుల్లెట్ మైకంటే గుప్పిట్లో పట్టే గుండ్రటి మైకు, వాల్వు ఆంప్ అంటే గాజు వాల్వులతో పనిచేసే ఆంప్లిఫయర్. ఈ జోడీ 1950ల నాటి షికాగో బ్లూస్ వాళ్ల బాణీ (బ్లూస్ అంటే అమెరికా నల్లజాతి వాళ్ల సంగీతం). లిటిల్ వాల్టర్ అని ఒకాయన చిన్న మౌతార్గాన్‌నీ మైకునీ కలిపి రెండు చేతుల మధ్య బిగించి పట్టి, ఆంప్ గొంతు బొంగురుపోయేలా వాయించేవాడు. వింటే శాక్సఫోనేమో అనిపిస్తుంది. బాగుంటుంది, కాదనను. అయితే ఆ మైకులు గొప్పవని కాదు వాళ్లు వాడింది, చవగ్గా దొరికాయని వాడారు. అవి అనౌన్స్‌మెంట్లకీ వైర్‌లెస్ సెట్లకీ తయారైన మైకులు. గిటార్లకి కరెంటు వచ్చేసరికి పక్కన మౌతార్గాన్ వినపడటం మానేసింది. చేతికందిన మైకు పట్టుకున్నారు, అంతే. ఆ చవక మైకులే ఇవాళ పురాతన వస్తువుల ధర పలుకుతున్నాయి. షూర్ కంపెనీ గ్రీన్ బుల్లెట్ కొత్తది ఎంతో చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను.

పాత క్రిస్టల్ మైకులు ఇంకో తమాషా. ఆస్టాటిక్ జేటీ-30 లాంటి వాటిలో పలికేది రోషెల్ సాల్ట్ అనే ఉప్పు స్ఫటికం. మా వృత్తిలో దానికి వేరే పేరుంది, పాత మందుల పుస్తకాల్లో అది విరేచనాల మందు! ఎండ తగిలినా, తేమ తగిలినా పాడవుతుంది. మే నెల ఎండ, ఆ తర్వాత వానలు, కాలవల పక్క ఊరు, పైగా నోటి ఆవిరి. ఆ మైకు మా ఊళ్లో రెండు సీజన్లు బతికితే నాకు చెప్పండి.

సరే, వాల్వు అనే మాట చెవిన పడగానే అటక మీదున్న మా నాన్న రేడియో గుర్తొచ్చింది. పెద్ద చెక్క పెట్టె, ముందు బంగారు రంగు గుడ్డ, లోపల ఐదు వాల్వులు. వెనకాల అట్ట మీద గ్రామఫోన్ బొమ్మ వేసి పక్కన రెండు చిల్లులు ఉన్నాయి. గ్రామఫోన్ పాట ఈ రేడియోలోంచి వినడానికి పెట్టిన సాకెట్ అది. గ్రామఫోన్ పోయే చోట మైకు ఎందుకు పోదు? పాత టేప్‌రికార్డర్ తాలూకు మైకు ఒకటి దొరికింది, ఇనుప తొడుగుది. వైరు కొసలకి టంకం పెట్టి చిల్లుల్లో గుచ్చాను. స్విచ్చి వేశాను. వాల్వులు వేడెక్కడానికి అరనిమిషం పట్టింది. ఆ తర్వాత వచ్చిన ధ్వని ఎలా ఉందో చెప్పలేను. దుమ్ము కాలిన వాసన, ఆ గుడ్డ వెనకాల్నుంచి మందంగా, వెచ్చగా నా పాట. మా ఆవిడ కూడా కూలర్ ఆపి వింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, షూర్ కంపెనీకి వేలు మిగిలించుకున్నానన్న సంబరంలో.

మర్నాడు రాత్రి మళ్లీ కూర్చున్నాను. కూర్చోలేదు, నిలబడ్డాను, అదీ అప్పుడే తడిగుడ్డ పెట్టిన గచ్చు మీద చెప్పుల్లేకుండా. మైకు ఎడమ చేతిలో, మౌతార్గాన్ నోట్లో. రెండూ ఇనుమే. మొదటి ఊదు ఊదానో లేదో, పెదవి మీద తేలు కుట్టినట్టయింది. పళ్లు జివ్వుమన్నాయి. మౌతార్గాన్ ఎగిరి మంచం కింద పడింది. మైకు మాత్రం చేతిని వదల్లేదు, వేళ్లు బిగుసుకుపోయాయి. మా ఆవిడ పరుగున వచ్చి బోర్డు మీద స్విచ్చి కొట్టింది. నేను కుర్చీలో కూలబడితే కాసేపు నా వైపు చూసి అంది:

“మామయ్య గారు ఉన్నన్నాళ్లూ ఆ రేడియో ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడూ ముట్టుకోనివ్వడం లేదు, చూశారా!”

పొద్దున్నే దాన్ని రిక్షాలో వేసుకుని స్టేషన్ దగ్గర ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఒకప్పుడు రేడియో మెకానిక్, ఇప్పుడు మిక్సీలు బాగుచేస్తాడు. వెనక అట్ట విప్పి ఒక్క చూపు చూసి నవ్వాడు.

“ఇది ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్టు డాక్టరు గారూ. ఏసీ-డీసీ సెట్టు అనేవాళ్లం.”

ఆయన చెప్పింది ఇదీ. ఆ రోజుల్లో కొన్ని ఊళ్లలో డీసీ కరెంటు ఉండేది, డీసీ మీద ట్రాన్స్‌ఫార్మర్ పనిచేయదు. రెండిటి మీదా పాడాలని ట్రాన్స్‌ఫార్మరే లేకుండా కొన్ని సెట్లు తయారుచేశారు. అంటే గోడలోంచి వచ్చే రెండు వైర్లలో ఒకటి నేరుగా, భాగాలన్నీ బిగించిన లోపలి రేకుకి తగులుతుంది. ఆ కరెంటు సాకెట్‌లోకి రాకుండా సాకెట్‌కీ రేకుకీ మధ్య అడ్డంగా కెపాసిటర్ అనే చిన్న భాగం ఉంటుంది, నా వయసున్న ఆ కెపాసిటర్ ఎప్పుడో లీకయిపోయింది.

“మరి మొన్న రాత్రి ఎందుకు కొట్టలేదండీ?”

“రెండు పిన్నుల ప్లగ్గు కదా. మొన్న అటు పెట్టారు, న్యూట్రల్ తగిలింది. నిన్న ఇటు పెట్టారు, ఫేజు తగిలింది.”

నమ్మకం కుదరక నేను తల ఊపుతుంటే ప్లగ్గు తిప్పి పెట్టి, టెస్టర్ మైకుకి ఆనించాడు. ఎర్రగా వెలిగింది. మళ్లీ తిప్పి పెట్టాడు, ఆరిపోయింది. నా ప్రాణం ప్లగ్గు అటా ఇటా అన్నదాని మీద ఆధారపడిందన్నమాట. డబ్బులు తీసుకోలేదు ఆయన. పెదవి వాపు రెండ్రోజులుంది, నా షాపులో ఆయింట్‌మెంట్ నేనే కొనుక్కున్నాను. ఏమైందని అడిగిన ప్రతివాడికీ తేనెటీగ అని చెప్పాను.

అందుకని మీరు ఏది కొన్నా ముందు ఇది చూడండి. గిటార్ అయితే వేళ్లకి తగులుతుంది, మౌతార్గాన్ తడి పెదవికి తగులుతుంది. ఆంప్‌కి మూడు పిన్నుల ప్లగ్గు ఉంటే మూడోది తీసేసి రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డులో దూర్చకండి. మన ఇళ్లలో ఎర్తింగ్ అనేది బోర్డు మీద చిల్లు మాత్రమే, వెనకాల వైరు ఉందో లేదో దేవుడికెరుక. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి, కూలీ ఇచ్చినా నష్టం లేదు. బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్ అయితే ఈ గొడవే లేదు. రోలండ్ మైక్రో క్యూబ్ లాంటివి పెన్‌టార్చ్ సెల్స్ మీదే నడుస్తాయి, మైకుకి విడిగా ఒక సెట్టింగ్ కూడా ఉంటుంది. కొత్తది మీ బడ్జెట్ దాటుతుంది, సెకండ్‌హ్యాండ్‌లో కనిపిస్తే వదలకండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ దగ్గరున్నది ఏ మౌతార్గాన్? అది చెప్పకుండా మైకు అడిగారు. 10 రంధ్రాల చిన్నది అయితే చేతుల్లో ఇముడుతుంది, మైకుతో కలిపి మూసి పట్టవచ్చు. నాలాగా టవర్ కంపెనీ 24 రంధ్రాల పొడుగుది అయితే ఏ చేతుల్లోనూ ఇమడదు. పక్కన బటన్ ఉండే క్రొమాటిక్ అయితే కుడి చెయ్యి బటన్‌కే సరిపోతుంది. మనలో ఎక్కువమంది వాయించేది ఘంటసాల పాటలూ, హిందీ పాత పాటలూ. వాటికి బొంగురు గొంతు ఎందుకు? స్వరం శుభ్రంగా వినపడాలి. నన్నడిగితే బుల్లెట్ మైకు మన పాటలకి పట్టుచీర మీద బురద చల్లినట్టు. ఎవరైనా కాదంటే వాళ్ల ఇష్టం.

కాబట్టి మామూలు పాటల మైకు, విడిగా కరెంటు అక్కర్లేని డైనమిక్ రకం, స్విచ్చి ఉన్నది చాలు. కండెన్సర్ మైకు వద్దు. దానికి విడిగా 48 వోల్టులు అందించాలి, పైగా కూలర్ హోరూ కుక్కర్ విజిలూ మీ పాట కంటే బాగా పట్టుకుంటుంది. షూర్ ఎస్ఎం58 అని 1966 నుంచీ ప్రతి స్టేజీ మీదా కనిపించే మైకు ఉంది. మంచిదే, కానీ మొదటి ఏడాదికి అది మీకూ అక్కర్లేదు, నాకూ అక్కర్లేకపోయింది. షికాగో వాళ్లు చేసిన పనే చెయ్యండి, మీ ఊళ్లో చవగ్గా ఏది దొరుకుతుందో చూడండి. మన ఊళ్లో దొరికేది సౌండ్ సర్వీస్ వాళ్ల దగ్గర పాత మైకు. వినాయక చవితి అయిపోయాక వెళ్లండి. నేను జాలీ సొట్టపడ్డ అహూజా మైకు 700కి తెచ్చాను. ఆ జాలీని స్పిరిట్‌తో తుడిచాకే నోటి దగ్గర పెట్టండి. మందుల షాపు వాడి మాట వినండి, వంద మంది నోటి తుంపర పడ్డ వస్తువది. ఆ మాటకొస్తే “అంకుల్, ఒక్కసారి ఇవ్వరా” అని పిల్లలు అడిగినా మౌతార్గాన్ ఇవ్వకండి. టూత్‌బ్రష్ ఇస్తామా?

ఆంప్ కోసం బీటెక్ కుర్రాళ్లని వెతకండి. మొదటి సంవత్సరం గిటార్, ఆంప్ కొంటారు, మూడో సంవత్సరానికి అమ్మకానికి పెడతారు. మన రాష్ట్రంలో సెకండ్‌హ్యాండ్ ఆంప్‌లకి ఇంతకంటే మంచి గని లేదు. నాకు 10 వాట్ల చిన్న గిటార్ ఆంప్ 3,600కి గుంటూరులో దొరికింది. గదిలోకి 10 వాట్లు ఎక్కువే. 

నా 400 తగలబడింది ఎక్కడో విన్నారా? మైకు వైపు మూడు పిన్నులు, ఆంప్ వైపు గిటార్ పిన్ను ఉండే వైరు కొన్నాను. గుచ్చితే పాట నూతిలోంచి వచ్చినట్టుంది. తప్పు ఆంప్‌ది కాదు. ఈ మైకులు లో ఇంపీడెన్సువి, చాలా తక్కువ వోల్టేజీ ఇస్తాయి. గిటార్ ఆంప్ అంతకంటే చాలా ఎక్కువ కోరుకుంటుంది. మధ్యలో వేలెడంత ట్రాన్స్‌ఫార్మర్ పిన్ను ఒకటి పెట్టాలి, మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ అని అడగండి. తెనాలిలో దొరకలేదు, హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో 600కి తెచ్చాను. అది పెట్టగానే కూలర్‌ని దాటి వినపడింది. (కొనేటప్పుడే మైకు ఇన్‌పుట్ ఉన్న ఆంప్ దొరికితే ఇదేమీ అక్కర్లేదు.) మిగతా 800 మైకు స్టాండుకి.

మైకు కీచుమంటే ఆంప్‌లో గెయిన్ (మైకు నుంచి లోపలికొచ్చే ధ్వనిని పెంచే బిరడా) బాగా తగ్గించి వాల్యూమ్ పెంచండి, ట్రెబుల్ సగానికి దించండి. ఆంప్ మొహం మైకు మొహం వైపు ఉండకూడదు. మైకు జాలీని చేత్తో మూసి పట్టుకోవడం కూడా కీచుకి కారణమే. వెనక నుంచి వచ్చే ధ్వనిని వద్దనడానికి పెట్టిన సందులు మూసుకుపోయి, మైకు అన్ని వైపులా వినడం మొదలుపెడుతుంది. స్టాండుకి పెట్టి నాలుగంగుళాల దూరంలో వాయించండి. టైల్సు, ఖాళీ గోడలు ఉన్న హాల్లో కంటే మంచం, పరుపు, బీరువా ఉన్న గదిలో నయం.

బ్లూటూత్ ట్రాలీ స్పీకర్ మీద మాత్రం డబ్బు పెట్టకండి. దాని మైకు కూడా బ్లూటూత్‌దే అయితే పాటకి ఒక అడుగు వెనక నడుస్తుంది, తాళం తప్పింది నేనా అది అని మీకు అనుమానం వస్తుంది. పైగా ఎకో. మనవాళ్లకి ఈ ఎకో పిచ్చి ఏంటో నాకు ఎప్పటికీ అర్థం కాదు. పెళ్లిలో మైకు పట్టుకుని “భోజనాలకి రండి” అంటే “రండి రండి రండి” అని ఊరు చివరిదాకా పోవాలి. మా బావమరిది కొన్న ట్రాలీలో ఎకో సున్నాకి తిప్పినా ఇంకా కొంచెం మిగిలే ఉంటుంది.

రేడియో ఏమైందంటారా? ప్లగ్గు కోసేశాను. ఇప్పుడు గదిలో మూలన ఉంది, దాని మీదే ఆంప్ పెట్టుకున్నాను. ఎత్తు సరిగ్గా సరిపోయింది.