చెక్క పిడా, రబ్బరు పిడా: అల్లుడికి ఒక ఉత్తరం

చి. అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

లైసెన్సు చేతికొచ్చింది, కాన్పూర్ .32 రివాల్వర్ ఇంటికొచ్చింది. ఇప్పుడు పిడి చెక్కదే ఉంచాలా, రబ్బరుది వేయించాలా అని అడుగుతున్నావు. నువ్వు ఉండేది చెన్నైలో, రివాల్వర్ పెట్టుకునేది నడుముకి చొక్కా కింద. ఈ రెండూ చూస్తే నా మాట చెక్కకే.

రబ్బరుకి అంత పేరు వచ్చింది .357 మాగ్నం లాంటి బలమైన తూటాల వల్ల. తేలికపాటి రివాల్వర్‌లో అది పేలితే అరచెయ్యి మండిపోతుంది, రబ్బరు ఆ దెబ్బను కొంత మింగుతుంది. నీ రివాల్వర్‌లో పడేది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ అనే తూటా. గుండు బరువు 98 గ్రెయిన్లు, అంటే ఆరున్నర గ్రాముల లోపే. 700 గ్రాముల ఉక్కు రివాల్వర్ ఆ తూటాకి పెద్దగా వెనక్కి తన్నదు. అదే కాన్పూర్‌లో చేసే తేలిక రివాల్వర్ నిర్భీక్, 500 గ్రాములది, దాంట్లో కొంచెం ఎక్కువ తెలుస్తుంది గానీ నొప్పి పుట్టేంత కాదు. లేని నొప్పికి మందెందుకు?

రబ్బరుతో వచ్చే ఇబ్బందులు మాత్రం రోజూ ఉంటాయి. మొదటిది బట్ట. చెమటకి తడిసిన నూలు చొక్కా రబ్బరుని పట్టుకుని వదలదు. వంగి లేచినప్పుడు చొక్కా కిందికి జారకుండా పిడి మీదే మడతపడి ఆగిపోతుంది, అక్కడేదో ఉందని ఎదుటివాడికి ఇట్టే తెలుస్తుంది. బయటికి తీసేటప్పుడు బట్ట కూడా పిడితో పాటు పైకి లేస్తుంది. నునుపు చెక్క మీద బట్ట జారిపోతుంది.

రెండోది తుప్పు, నన్నడిగితే అసలు శత్రువు ఇదే. పిడి వీపు వైపు కూడా కప్పే రబ్బరు తొడుగు కిందికి చెమట దిగితే ఆరే దారి ఉండదు. పైకి రివాల్వర్ తళతళలాడుతుంటుంది, తొడుగు విప్పి చూస్తే ఫ్రేము మీద, అంటే పిడి లోపలి ఉక్కు ఒంటి మీద, ఎర్రటి చుక్కలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలప్పుడు ఇంకా త్వరగా పడుతుంది. ఏ పిడి ఉన్నా నెలకోసారి విప్పి, పొడిగుడ్డతో తుడిచి, తుపాకీ నూనె పలచగా రాయి.

విప్పే పద్ధతి చెబుతాను. ముందు తూటాలన్నీ తీసి వేరే గదిలో పెట్టు. సిలిండర్‌లో తూటాలు కూర్చునే ఆరు గదులూ కళ్లతో చూడు, వేలితో తడిమి చూడు. స్క్రూ గాడిలో నిండుగా కూర్చునే స్క్రూడ్రైవర్ వాడు, సన్నదైతే గాడి చెడుతుంది. స్క్రూ మొత్తం తీసెయ్యకుండా నాలుగు చుట్లు వదులు చేసి, దాని తల మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టు. అవతలి వైపు ముక్క దానంతటదే లేస్తుంది. అంచులో బ్లేడు దూర్చి పెకలించకు, చెక్క పెచ్చు లేచిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు స్క్రూ ఆగిన చోట ఆపెయ్యి, ఇంకా తిప్పితే స్క్రూ కింది చెక్క నలిగి చీలుతుంది.

చెక్కకీ రబ్బరుకీ ముందు చూడాల్సింది కొలత. ఖాళీ రివాల్వర్‌ని గోడ వైపు పెట్టి పట్టుకో. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు పిడి వీపు మీద ఎంత పైకి వీలైతే అంత పైకి ఆనాలి. చూపుడువేలి మొదటి కణుపు దగ్గరి మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద పడాలి. వేలు అందక మణికట్టు పక్కకి తిరుగుతుంటే పిడి లావెక్కువ. వీపుని కప్పే రబ్బరు ఈ దూరాన్ని ఇంకా పెంచుతుంది, చిన్న చేతులవాళ్లకి అందుకే కుదరదు. నడివేలు ట్రిగ్గర్ గార్డు వెనక భాగానికి కొట్టుకుంటుంటే, ఆ సందుని నింపేలా ముందువైపు కాస్త కండ ఉన్న పిడి కావాలి.

ఇంకా రబ్బరు మీదే మనసుంటే ముందు పరీక్ష చేసి చూడు. పాత సైకిలు ట్యూబు రెండంగుళాల ముక్క కోసి ఇప్పుడున్న పిడికి తొడుగు. తూటాలు లేకుండా, ఇంట్లోనే, నువ్వు రోజూ వేసుకునే చొక్కా కింద ఒక వారం పెట్టుకుని తిరుగు. నచ్చిందో లేదో తెలిశాక ట్యూబు తీసెయ్యి, అది కూడా తేమ పడుతుంది. హోగ్, పాక్‌మయర్ రబ్బరు పిడులు చూసి ఆశపడకు. అవి స్మిత్ అండ్ వెసన్, రూగర్ లాంటి విదేశీ ఫ్రేములకి చేసినవి. పాత ఇంగ్లీషు వెబ్లీ రివాల్వర్ తరహాలో మధ్యకి విరిగి తెరుచుకునే మన కాన్పూర్ ఫ్రేముకి కూర్చోవు.

అరచెయ్యి విపరీతంగా చెమర్చేవాళ్లకి నిగనిగలాడే వార్నిష్ చెక్క జారుతుంది, అది నిజం. దానికి మందు గళ్లు కోసిన చెక్క. గళ్లు అరచేతికి ఆనే చోట ఉంటే చాలు, బట్ట తగిలే పైభాగం నునుపుగానే ఉండాలి. గళ్లలో మట్టి చేరితే పాత టూత్‌బ్రష్‌తో పొడిగా దులుపు. బ్యారెల్ కడిగే ద్రావకం చెక్క మీద పడనివ్వకు, మెరుగు లేచిపోతుంది.

కొత్తది చేయించేట్టయితే బాగా ఆరిన వాల్‌నట్ మంచిది. చెక్క నార పిడి పొడవునా సాగాలి, అడ్డంగా పోతే కింది మూల విరుగుతుంది. ఉడికించిన అవిసె నూనె పలచగా రాసి, పావుగంట ఆగి, మిగిలింది తుడిచెయ్యి. ఒక రోజు ఆరనిచ్చి మళ్లీ రాయి, మూడు నాలుగు పూతలు చాలు. లోపలి వైపు కూడా రాయాలి. చాలామంది ఇది వదిలేస్తారు, తేమ అటునుంచి ఎక్కి చెక్క వంకర తిరుగుతుంది. కొబ్బరినూనె వద్దు, అది ఆరదు. అవిసె నూనె గుడ్డని ఉండ చుట్టి పడెయ్యకు, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. నీళ్లలో ముంచి, తర్వాత పరిచి ఆరబెట్టు.

వడ్రంగి దగ్గరికి రివాల్వర్ తీసుకెళ్లొద్దు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల మరమ్మతు వ్యాపారానికి కూడా లైసెన్సు కావాలి. వడ్రంగికి నమూనాగా పాత పిడి ముక్కలు మాత్రమే ఇవ్వు. ఫ్రేము మీద కూర్చోబెట్టే పని లైసెన్సున్న తుపాకుల దుకాణంలో, నీ ఎదుటే చేయించు. పాత ముక్కల్నీ, వాటి స్క్రూనీ పారెయ్యకుండా కాగితంలో చుట్టి బీరువాలో ఉంచు. ఎన్నికలప్పుడు రివాల్వర్ స్టేషన్లో అప్పగించమంటే, కొత్త పిడి విప్పుకుని ఈ పాతది బిగించే ఇవ్వు.

మీ మామయ్య