టెలిస్కోప్‌కు వెబ్‌క్యామ్ తగిలించి గ్రహాల ఫొటోలు తీయవచ్చా?

ప్రశ్న: నా దగ్గర 114 ఎంఎం అద్దం, 900 ఎంఎం ఫోకల్ లెంగ్త్ ఉన్న న్యూటోనియన్ టెలిస్కోప్ ఉంది. పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న లాజిటెక్ సి270 వెబ్‌క్యామ్ మూలన పడి ఉంది. ఈ రెండూ కలిపి గురుడు, శని ఫొటోలు తీయవచ్చా? నెబ్యులాలు వస్తాయా? లేక నేరుగా మంచి కెమెరా కొనుక్కోవడమే మేలా?

జవాబు:

గురుడు, శని, చంద్రుడు నిక్షేపంగా వస్తాయి. నెబ్యులాలు, అంటే అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘాలు, రావు. కెమెరా కొనడం సంగతి చివర్లో చెబుతాను. వెబ్‌క్యామ్ ఎలా పనిచేస్తుందో ముందు తెలిస్తే ఆ ప్రశ్నకు సగం జవాబు మీకే దొరుకుతుంది.

విజయవాడలో మా మేడ మీద నేను మొదలుపెట్టింది ఇలాగే. నాది 130 ఎంఎం న్యూటోనియన్, వెబ్‌క్యామ్ మాత్రం మీ దగ్గర ఉన్న రకమే. ఇప్పుడు వేరే కెమెరాకు మారాను గానీ పద్ధతిలో పెద్ద తేడా ఏమీ లేదు.

ఈ పనిలో ఫొటో తీయడమంటూ ఉండదండి, వీడియో తీస్తాం. టెలిస్కోప్ నుంచి ల్యాప్‌టాప్ తెర మీదకు వచ్చిన గురుడు పారే నీళ్ల అడుగున ఉన్న గులకరాయిలా వణుకుతూ ఉంటాడు. ఒక క్షణం రెండు గోధుమ రంగు పట్టీలు స్పష్టంగా కనిపిస్తాయి, మరుక్షణం అంతా అలుక్కుపోతుంది. పైన వేడి గాలి, చల్ల గాలి కలిసి కదులుతుండటం వల్ల వచ్చే తిప్పలివి. ఒక్క ఫొటో తీస్తే ఆ క్షణం ఎలా ఉంటే అలా వస్తుంది. రెండు నిమిషాల వీడియో తీస్తే వెయ్యికి పైగా ఫ్రేములు వస్తాయి. అందులో గాలి నిలకడగా ఉన్నప్పటివి ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తాం. 400 ఫ్రేములు పేరిస్తే ఒక్కో ఫ్రేములో ఉండే గింజలు గింజలుగా కనిపించే నాయిస్ ఇరవయ్యో వంతుకు తగ్గుతుంది. చవక సెన్సర్ అయినా నడిచేది అందుకే.

దీనికి లక్కీ ఇమేజింగ్ అని పేరు. అలాంటి మంచి ఫ్రేము దొరికే అవకాశం ఎంతో డేవిడ్ ఫ్రైడ్ అనే శాస్త్రవేత్త 1978లో లెక్క కట్టాడు. అద్దం పెద్దదయ్యేకొద్దీ ఆ అవకాశం చాలా వేగంగా పడిపోతుంది. అంటే 114 ఎంఎం అని మీరు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. పెద్ద టెలిస్కోప్ వాళ్లకు వందలో ఒకటి దొరికే రాత్రి మీకు పదుల్లో దొరుకుతాయి. 2000 తర్వాతి సంవత్సరాల్లో ఫిలిప్స్ టూక్యామ్ ప్రో అనే 640×480 వెబ్‌క్యామ్‌తో ప్రపంచమంతా అమెచ్యూర్లు గ్రహాలను తీశారు. మీ సి270 సెన్సర్‌లో పిక్సెళ్లు దానికంటే ఎక్కువే.

ఇక వెబ్‌క్యామ్ విప్పడం. దాని చిన్న లెన్స్ తీసేయాలి, ఎందుకంటే ఇక మీద మీ టెలిస్కోపే లెన్స్. ముందు మూత తీసి, లోపలి స్క్రూలు విప్పితే చిన్న బోర్డు, దాని మీద లెన్స్ కనిపిస్తాయి. లెన్స్ మరల మీద తిరుగుతుంది గానీ, కదలకుండా ఫ్యాక్టరీలో ఒక చుక్క జిగురు వేసి ఉంటారు. ఆ చుక్కను బ్లేడు మొనతో గీకి తీశాక నోస్ ప్లయర్‌తో మెల్లగా ఎడమవైపు తిప్పితే వచ్చేస్తుంది. ఆ పని చేసేటప్పుడు బోర్డును తలకిందులుగా పట్టుకోండి. జిగురు పొడి సెన్సర్ మీద పడితే ప్రతి వీడియోలో నల్ల మచ్చగా కనిపిస్తుంది. సెన్సర్ గాజును వేలితో గానీ గుడ్డతో గానీ తుడవొద్దు, గాలి ఊదే బల్బుతో ఊదితే చాలు. ముందు వెలిగే చిన్న ఎల్ఈడీ మీద నల్ల టేపు అతికించండి. లేకపోతే ఆ వెలుగు గొట్టం లోపల తిరిగి చిత్రం మీద పాలిపోయిన పొరలా పడుతుంది.

తీసిన లెన్స్‌ను పారేయకండి. వెనక చిన్న గాజు బిళ్ల ఉంటుంది, ఏటవాలుగా చూస్తే ఎర్రగా మెరుస్తుంది. అది ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్. అది లేకపోతే రంగులు గులాబీ వైపు జారిపోతాయి. అద్దం టెలిస్కోప్‌లో ఫోకస్‌కు పెద్ద నష్టం లేదు గానీ లెన్స్ టెలిస్కోప్‌లో చిత్రం కూడా మసకబారుతుంది. 1.25 అంగుళాల ఐఆర్ కట్ ఫిల్టర్ ఒకటి కొనుక్కుంటే సుఖం.

వెబ్‌క్యామ్‌ను ఫోకసర్‌లో (నాబ్ తిప్పి ఫోకస్ సరిచేసే గొట్టంలో) ఐపీస్, అంటే కన్ను ఆనించి చూసే లెన్స్, పెట్టే చోట కూర్చోబెట్టాలి. ఆ రంధ్రం 31.75 ఎంఎం. రెడీమేడ్ అడాప్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పాత ఇంగ్లిష్ వెబ్‌సైట్లలో ఫిల్మ్ రీలు డబ్బా వాడమని రాస్తారు గానీ ఇప్పుడు ఆ డబ్బాలు ఎక్కడున్నాయి? హార్డ్‌వేర్ షాపులో 32 ఎంఎం పీవీసీ పైపు ముక్క తెచ్చి, ఎమెరీ పేపర్‌తో కాస్త రుద్దితే సరిగ్గా సరిపోతుంది. లోపలి వైపు నల్లటి మ్యాట్ పెయింట్ వేయండి. గ్లూ గన్‌తో ముందు తాత్కాలికంగా నిలబెట్టి, సెన్సర్ గొట్టానికి మధ్యలో, వాలకుండా ఉందో లేదో చూసుకున్నాక చుట్టూ ఎంసీల్ పెట్టండి. నాది ఇప్పటికీ ఆ ఎంసీల్ మీదే నిలబడి ఉంది.

డీఎస్ఎల్ఆర్ తగిలించిన చాలా చిన్న న్యూటోనియన్లలో ఫోకస్ అందదు, కెమెరా ఇంకా లోపలికి వెళ్లాలి గానీ ఫోకసర్ వెళ్లదు. వెబ్‌క్యామ్‌లో సెన్సర్ గొట్టానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ బాధ తక్కువ.

ఇప్పుడు కొంచెం లెక్క. సి270 పిక్సెల్ 2.8 మైక్రాన్లు. 900 ఎంఎం ఫోకల్ లెంగ్త్ దగ్గర ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 0.64 ఆర్క్ సెకన్లు చూస్తుంది (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను, అలాంటివి 60 అయితే ఒక ఆర్క్ నిమిషం). గురుడు భూమికి దగ్గరగా వచ్చినప్పుడు 45 ఆర్క్ సెకన్లు ఉంటాడు, అంటే తెర మీద 70 పిక్సెళ్లు. 2ఎక్స్ బార్లో, అంటే చిత్రాన్ని రెట్టింపు చేసే లెన్స్, పెడితే 140. ఫోకల్ లెంగ్త్‌ను అద్దం వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ సంఖ్య. మైక్రాన్లలో పిక్సెల్ సైజుకు అయిదు రెట్ల ఎఫ్ సంఖ్య దాకా వెళ్లవచ్చని ఒక వాడుక ఉంది, ఇక్కడ అది 14. మీది ఎఫ్/8కి దగ్గర, 2ఎక్స్‌తో ఎఫ్/16 అవుతుంది. ఆ హద్దు అప్పటికే కాస్త దాటినట్టు, కాబట్టి 2ఎక్స్ చాలు. 3ఎక్స్ పెడితే గురుడు పెద్దగా, చీకటిగా, మసకగా కనిపిస్తాడు తప్ప కొత్త వివరమేమీ రాదు.

చాలామంది విసిగిపోయి వదిలేసేది గ్రహాన్ని సెన్సర్ మీదకు తెచ్చే దగ్గర. మీ సెన్సర్‌కు కనిపించే ఆకాశం వెడల్పు 14 ఆర్క్ నిమిషాల లోపే, చంద్రబింబంలో సగం కూడా కాదు. పగటిపూటే దూరంగా ఉన్న సెల్ టవర్ కొన మీద ఫైండర్‌ను (గొట్టం మీద గురి చూసుకునే చిన్న టెలిస్కోప్‌ను) సరిచేసుకోండి. రాత్రి ముందు తక్కువ పవర్ ఐపీస్, తర్వాత ఎక్కువ పవర్ ఐపీస్‌తో గ్రహాన్ని నడిమధ్యకు తెచ్చి, మౌంట్ బిగించి, అప్పుడు ఐపీస్ తీసి వెబ్‌క్యామ్ పెట్టండి. తెర నల్లగా ఉంటే కంగారు పడొద్దు. గెయిన్ (సెన్సర్ ఇచ్చే సిగ్నల్‌ను పెంచే సెట్టింగ్) పూర్తిగా పెంచండి. ఫోకస్ తప్పిన గురుడు పెద్ద బూడిద రంగు గారెలా కనిపిస్తాడు. ఆ గారె అంచు కనిపించినా చాలు, ఫోకసర్ తిప్పుతూ పోతే అది చిన్నదవుతుంది.

ఫోకస్ కోసం ఒక చిట్కా. నాబ్‌ను వేలితో ముట్టుకుంటే చాలు చిత్రం ఊగిపోతుంది, ఏది ఫోకసో తెలియదు. బట్టలారేసే క్లిప్పు ఒకటి నాబ్‌కు పెట్టి, దాని చివర్ను చిటికెన వేలితో తోయండి. ఊపు తగ్గుతుంది, చాలా సన్నగా తిప్పడానికీ వీలవుతుంది. ముందు దగ్గర్లో ఉన్న ప్రకాశవంతమైన నక్షత్రం మీద ఫోకస్ చేసుకుని, తర్వాత గ్రహం మీదకు రండి. అట్ట మీద బహ్తినోవ్ మాస్క్ (ఫోకస్ కుదిరిందో లేదో చూపించే, గీతల్లా కోసిన మూత) గీసి కోసుకుంటే ఇంకా తేలిక.

వీడియో రికార్డు చేయడానికి విండోస్‌లో షార్ప్‌క్యాప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ చాలు. మొదట చేయాల్సింది ఆటో ఎక్స్‌పోజర్ ఆపేయడం. చుట్టూ నల్లటి ఆకాశం చూసి వెబ్‌క్యామ్ 'చీకటిగా ఉంది' అనుకుని వెలుతురు పెంచేస్తుంది, గురుడు తెల్లటి బంతి అయిపోతాడు. ఎక్స్‌పోజర్ తగ్గిస్తూ పోతే ఒకచోట పట్టీలు బయటపడతాయి. తెర మీద కాస్త డల్‌గా కనిపిస్తేనే సరైనది. ఆటో వైట్ బ్యాలెన్స్, షార్ప్‌నెస్ లాంటివీ ఆపేయండి. వీడియోను కుదించే ఎంజేపెగ్ కాకుండా కుదించని వైయూవై2 ఫార్మాట్ ఎంచుకోండి, ఫ్రేములు సెకనుకు పదికి పడిపోయినా పర్లేదు. 640×480 మాత్రం గుడ్డిగా పెట్టకండి. చాలా వెబ్‌క్యామ్‌లు సెన్సర్ మధ్య ముక్కను కత్తిరించి ఇవ్వకుండా మొత్తం చిత్రాన్నే కుదించి ఇస్తాయి. 1280 నుంచి 640కి మార్చినప్పుడు గ్రహం పిక్సెళ్లలో చిన్నదైతే కుదిస్తున్నట్టే, పెద్ద సైజులోనే తీయండి.

గురుడు పది గంటల లోపే తన చుట్టూ తాను తిరిగేస్తాడు. వీడియో రెండు మూడు నిమిషాలు దాటితే పట్టీల్లో వివరాలు చెరిగిపోతాయి. మీ మౌంట్‌కు మోటారు లేకపోతే అంత అవసరమూ రాదు, బార్లో పెట్టాక గ్రహం అర నిమిషంలో తెర దాటిపోతుంది. చేత్తో వెనక్కి తెస్తూ ముక్కలు ముక్కలుగా తీయండి, ఫ్రేములు పేర్చే స్టాకింగ్ సాఫ్ట్‌వేర్ గ్రహం ఎక్కడున్నా పట్టుకుంటుంది.

ఇదంతా గురుడి మీద చెప్పాను గానీ, మొదలుపెట్టాల్సింది చంద్రుడితో. దొరకలేదన్న టెన్షన్ ఉండదు, వెలుతురు ఎక్కువ. పౌర్ణమి రోజు తీయకండి, నీడలు లేక సున్నం కొట్టిన గోడలా వస్తుంది. గోడ క్యాలెండర్‌లో తిథి చూసుకోండి. శుక్ల షష్ఠి ప్రాంతంలో థియోఫిలస్ బిలం, దాని పక్కవి వెలుగు నీడల సరిహద్దులో ఉంటాయి. నవమి ప్రాంతంలో రూపెస్ రెక్టా అనే 110 కిలోమీటర్ల సరళరేఖ లాంటి అంచు కనిపిస్తుంది. దశమికి 93 కిలోమీటర్ల కోపర్నికస్ మెట్లు మెట్లుగా ఉన్న గోడలతో సహా వస్తుంది. కంటికి చూసినదానికన్నా ఎక్కువ వివరం ఫొటోలో ఉండటం నాకు మొదట తెలిసింది ఆ మెట్లు చూశాకే. ఇంకో లాభం, ల్యాప్‌టాప్ తెర మీద పదిమందీ ఒకేసారి చూడొచ్చు. మా మేనల్లుడు శనిని చూసి "మామయ్యా, ఇది స్టిక్కర్ కదూ" అన్నాడు. టెలిస్కోప్ గొట్టాన్ని తట్టి చూపిస్తే తెర మీద శని ఊగిపోయింది, అప్పుడు గానీ నమ్మలేదు.

గ్రహాలకు ఊళ్లో లైట్ల వెలుతురు అడ్డం కాదు, గాలే అడ్డం. మన దగ్గర పగలంతా కాగిన శ్లాబు రాత్రి చాలాసేపు వేడి వదులుతూనే ఉంటుంది, కాబట్టి అర్ధరాత్రి దాటాక తీసిన వీడియోలు బాగుంటాయి. చూసే దిక్కులో పక్కింటి ఏసీ యూనిట్ ఉంటే ఇంకోవైపు జరగండి. టెలిస్కోప్‌ను గంట ముందే బయట పెట్టండి. చుక్కలు తళుకుతళుకుమంటూ ఆకాశం అద్దంలా ఉన్న రాత్రి చూడటానికి బాగుంటుంది, గ్రహాల ఫొటోలకు పనికిరాదు. కాస్త మసకగా, ఉక్కగా, చుక్కలు కదలకుండా ఉన్న రాత్రిని వదులుకోకండి. గ్రహం ఆకాశంలో బాగా కిందికి ఉన్నప్పుడు తీస్తే ఒక అంచు ఎర్రగా, మరో అంచు నీలంగా వస్తుంది. 2027 ఫిబ్రవరిలో గురుడు, కుజుడు ఇద్దరూ ఒకే నెలలో సూర్యుడికి ఎదురుగా వస్తారు. మనకు అర్ధరాత్రి వేళ దాదాపు నడినెత్తికి చేరతారు కాబట్టి ఆ ఇబ్బంది ఉండదు. కుజుడు మాత్రం ఈసారి 14 ఆర్క్ సెకన్లలోపే, చిన్న గుండ్రని బొట్టు అనుకోండి.

వీడియోను ఆటోస్టాకర్ట్ అనే స్టాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఫ్రేములను నాణ్యత ప్రకారం వరసలో పెడుతుంది. మొదటి పదిహేను, ఇరవై శాతం తీసుకోండి. వచ్చిన చిత్రం మెత్తగా ఉంటుంది, దాన్ని రెజిస్టాక్స్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో వేవ్‌లెట్లు అనే సెట్టింగులతో పదును పెట్టాలి. ఇక్కడ చెయ్యి ఆగదు. గ్రహం అంచున తెల్లటి గీత, లోపల ఉల్లిపొర లాంటి రింగు కనిపించాయంటే రెండడుగులు వెనక్కి రండి.

సూర్యుడి జోలికి మాత్రం టెలిస్కోప్ ముందు మూతి మొత్తం కప్పే సోలార్ ఫిల్టర్ లేకుండా వెళ్లకండి. ఐపీస్‌కు బిగించే చిన్న సన్ ఫిల్టర్లు వేడికి పగిలిపోతాయి, వాటిని అసలు వాడొద్దు.

నెబ్యులాలు ఎందుకు రావంటే, వాటికి ఒక్కో ఫ్రేముకు సెకన్లు, నిమిషాల ఎక్స్‌పోజర్ కావాలి. మామూలు వెబ్‌క్యామ్ ఒక ఫ్రేము మీద సెకనులో చిన్న భాగానికి మించి ఆగదు. దానికి తోడు ఆకాశం తిరుగుడును కచ్చితంగా వెంబడించే మౌంట్ కావాలి, దాని ఖర్చు ముందు కెమెరా ఖర్చు ఏ మూలకూ కాదు.

ఇక కొత్త కెమెరా. వెబ్‌క్యామ్ ఇంట్లో ఉంది కాబట్టి దాంతోనే మొదలుపెట్టండి. లేకపోయి ఉంటే, విప్పి పాడుచేయడానికి కొత్త వెబ్‌క్యామ్ కొనమని నేను చెప్పను, ఆ డబ్బుకు ఇంకొంత కలిపి గ్రహాల కోసమే చేసిన చిన్న ప్లానెటరీ కెమెరా కొనడమే లాభం. మీ విషయంలో ముందు డబ్బు పెట్టాల్సింది 2ఎక్స్ బార్లో, ఐఆర్ కట్ ఫిల్టర్, మౌంట్‌కు మోటారు, ఈ వరసలో. కెమెరా ఆ తర్వాత. ఒకటి మాత్రం చూసుకోండి: గొట్టం పొడవు అరమీటరే ఉండి మీద 900 అనో 1000 అనో రాసి ఉంటే, ఫోకసర్‌లో లెన్స్ దాచిన రకం అది. అలాంటి చాలా టెలిస్కోప్‌లలో ఏ కెమెరా పెట్టినా గ్రహం మెత్తగానే వస్తుంది. అప్పుడు చంద్రుడితో సరిపెట్టుకుని, దాచిన డబ్బు టెలిస్కోప్ మీద పెట్టండి.