పంపు విప్పకముందే రాస్తున్నా

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. ట్రాక్టరు గొర్రు లాగడం లేదని, నల్లపొగ కొడుతోందని, ఒంగోలులో ఎవరో ఇంజనుకి డీజిలు తోసే పంపు వంక చూడను కూడా చూడకుండా అందులోని మూడు ఎలిమెంట్లూ (డీజిలుని ఒత్తిడితో నెట్టే ప్లంజరు, బ్యారెలు జతలు) మార్చాలన్నారని చెప్పింది. నువ్వేమో టెన్షన్ పడి బండినే అమ్మేద్దామంటున్నావట. అది బావ ముచ్చటపడి కొన్న మహీంద్రా 275. అమ్మే మాట తర్వాత చూద్దాం. ఫోన్లో చెప్తే సగం విని "సరే మామా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

ఫలానా షాపుకి పో అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. నేను ఏళ్ల తరబడి నమ్మిన పంపు మేస్త్రి నెల్లూరులోనే ఉన్నాడు. కానీ ఆయనకి చూపు మందగించి షాపు కొడుక్కి అప్పజెప్పాడు. కొడుకు చేతిపని నేనింకా చూడలేదు, చూడనిదాన్ని చూశానని చెప్పలేను. కాబట్టి మంచి షాపుని ఎలా పట్టుకోవాలో చెప్తా, పట్టుకోవడం నీ పని.

అసలు పంపే చెడిందని నీకెవరు చెప్పారు? ముందు ఎయిర్ క్లీనర్ కింద గిన్నె విప్పి చూడు. మీ పొదిలి వైపు ఎర్రదుమ్ములో దున్నిన బండికి ఆ గిన్నెలో ఆయిలు ఉండదు, బురద ఉంటుంది. గాలి అందని ఇంజను నల్లపొగే కొడుతుంది, పాపం పంపేం చేస్తుంది? తర్వాత డీజిల్ ఫిల్టర్లు చూడు, ట్యాంకు అడుగున నీళ్లు ఉంటే దింపు. అప్పటికీ తేడా రాకపోతే బండిని నిదానంగా ఆడనిచ్చి, ఇంజెక్టర్ పైపుల నట్లు ఒక్కోటి కాస్త వదులు చేసి, మళ్లీ బిగిస్తూ రా. నట్టు వదిలినప్పుడు ఇంజను తడబడితే ఆ సిలిండరు పని చేస్తున్నట్టే. వదిలినా మోత ఏమీ మారకపోతే జబ్బు అక్కడుంది. మొహం, చేయి దూరంగా పెట్టుకో. ఈ మాత్రం ఇంటి దగ్గర చూసుకుని పోతే, షాపులో "మూడోది ఆడటం లేదన్నా" అని చెప్పగలవు. ఏమీ తెలియకుండా పోయినవాడికీ, ఈ ఒక్క మాట చెప్పినవాడికీ షాపులో జరిగే మర్యాదే వేరు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. అక్కకి కూడా పూర్తిగా తెలియదు. చాలా ఏళ్ల కిందట, కాలవకి నీళ్లు వదిలి ఊరంతా దమ్ములు మొదలెట్టిన వారంలో నా బండి మొరాయించింది. పంపు విప్పించి ఒక షాపులో పడేసి, సాయంత్రం వస్తానని ఇంటికొచ్చేశా. సాయంత్రానికి పంపు తయారు. ఎలిమెంట్లు, డెలివరీ వాల్వులు, సిలిండర్లలోకి డీజిలు చిమ్మే నాజిళ్లు అన్నీ కొత్తవని బిల్లు. పాత సామానేదీ అంటే తుక్కులో పోయిందన్నారు. బిగించాక బండి ఏనుగులా లాగింది! కొంచెం నల్లపొగ వస్తోంది, అయితేనేం, లాగుతోంది కదా. ఆ నెలంతా ఆ షాపు గురించి ఊరంతా చెప్పుకు తిరిగింది నేనే. నా మాట నమ్మి ఇద్దరు ముగ్గురు అక్కడికే వెళ్లారు కూడా.

తర్వాతి పంటకి డీజిలు తాగడం మొదలెట్టింది. ఇంజనాయిలు నీళ్లలా పలచబడింది, వాసన చూస్తే డీజిలు కంపు. చివరికి లైనర్లు (పిస్టన్లు ఆడే గొట్టాలు) గీసుకుపోయి ఇంజను మొత్తం విప్పాల్సి వచ్చింది. ఇందాక చెప్పిన నెల్లూరు మేస్త్రిని అప్పుడే మొదటిసారి కలిశా. పంపు విప్పి నన్ను దగ్గరికి పిలిచాడు. మూడు ఎలిమెంట్లలో ఒకటే కొత్తది, మిగతా రెండూ నా పాతవే. ఇంజను వేగాన్ని బట్టి డీజిలు ఎంత పోవాలో చూసుకునే గవర్నర్ దగ్గర ఉండాల్సిన సీలు తీగ లేదు. ఎలిమెంట్లన్నీ మార్చకుండా డీజిలు ఎక్కువ పోసేట్టు తిప్పి పంపారన్నమాట. అరిగిపోయిన పంపుని కూడా అలా తిప్పితే కొన్నాళ్లు పౌరుషంగా లాగుతుంది. ఇంజనే కరిగిపోతుంది.

అందుకే చెప్తున్నా, షాపు గురించి పోయిన వారం పంపు చేయించినవాణ్ణి అడగొద్దు. వాడు నాలాగే పొగుడుతాడు. చేయించి రెండు పంటలు దాటినవాణ్ణి అడుగు. ఎకరం దున్నడానికి అప్పుడెంత డీజిలు పట్టేది, ఇప్పుడెంత పడుతోంది, పొగ ఎలా ఉంది, ఇవే అడుగు. బాడుగకి రోటవేటర్ తోలేవాళ్లకి ఈ లెక్క నోటి మీద ఉంటుంది. ఇంకా మంచిది, రొయ్యల గుంటల వాళ్లని అడుగు. ఉలవపాడు, కావలి వైపు గుంటల మీద జనరేటర్లు ఉంటాయి. అర్ధరాత్రి కరెంటు పోయి, ఇంజను కూడా ఆగిందంటే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. అలాంటివాళ్లు చెడ్డ షాపు గడప రెండోసారి తొక్కరు. మీ ఊరి మెకానిక్ చెప్పిన షాపు కూడా మంచిదే కావచ్చు, కాకపోతే ఆయనకి అక్కడ కమిషన్ ఉండొచ్చు. దానికి ఆయన మీద కోపం తెచ్చుకోకు. పంపు విప్పినందుకు, బిగించినందుకు కూలి నువ్వే బాగా ఇస్తానని ముందే చెప్పి వెంట తీసుకుపో. అప్పుడు నీ పక్షాన నిలబడతాడు.

షాపు బోర్డు చూడకు, పంపుని ఎక్కించి పరీక్షించే మెషిన్ ఎంత మెరుస్తోందో అసలే చూడకు. వెళ్లగానే ఒకటి అడుగు. "అన్నా, విప్పకముందు ఒకసారి మెషిన్ మీద ఎక్కించి చూపిస్తావా?" నిజాయితీ గలవాడు ఎక్కిస్తాడు. పంపు మరీ పాడైపోతే ఎక్కించి లాభం లేదంటాడు, ఎందుకో కూడా చెప్తాడు. మీ బండికి మూడు సిలిండర్లు కాబట్టి మూడు గాజు గొట్టాల్లోకి డీజిలు పడుతుంది. మూడూ సమానంగా ఎక్కాలి. ఒకటి కిందనే ఉండిపోతే ఆ లైను సంగతి నీ కళ్లకే తెలుస్తుంది. ఆ అంకెలు కాగితం మీద రాయించుకో, పని అయ్యాక మళ్లీ ఎక్కించి రెండూ పక్కపక్కన పెట్టి చూడు. పంపు మీది ప్లేటు నంబరు చూసి, దానికి ఎంత పడాలో పుస్తకంలో వెతికేవాడైతే ఇంకేం, అక్కడే స్టూలు వేసుకుని కూర్చో. నంబరు చూడకుండా "ఈ బండ్లన్నిటికీ ఒకటే సెట్టింగ్" అనేవాడి దగ్గర టీ తాగి వచ్చేయ్.

నాజిళ్లు చూడటం ఇంకా తేలిక. టెస్టర్‌కి బిగించి చేత్తో మీట నొక్కుతారు. ఒత్తిడి చూపే గేజీ ముల్లు ఇంజనుని బట్టి 200 కేజీల (చదరపు సెంటీమీటరుకి) అటూ ఇటూ ఎక్కాక నాజిలు కిర్రుమని కూసి, డీజిలు పొగమంచులా విచ్చుకోవాలి. ధారగా కారకూడదు. తర్వాత ముల్లుని ఆ అంకెకి కాస్త కింద ఆపి పదిదాకా లెక్కపెట్టు. మంచి నాజిలు మొన పొడిగా ఉంటుంది. చెడ్డదానికి జలుబు చేసిన పిల్లాడి ముక్కులా చుక్క వేలాడుతుంది. ఎంత ముచ్చటగా ఉన్నా ఆ పొగమంచు ముందు చేయి పెట్టొద్దు, ఆ ఒత్తిడికి డీజిలు చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. మా ఊళ్లో ఒకతను వేలు ఆపరేషన్ చేయించుకున్నాడు.

ఎలిమెంటు మార్చాలంటే మార్చనీ, కాదనకు. కానీ పాతది చేతికి తీసుకో. ప్లంజరు అద్దంలా మెరవాలి. నీళ్లు కలిసిన డీజిలు తాగిన ప్లంజరు మీద పైభాగాన మసక మచ్చ ఉంటుంది, గోరుతో గీస్తే గరుకు తగులుతుంది. ప్లంజరూ బ్యారెలూ జతగా వస్తాయి, భార్యాభర్తల్లాగా. ఒకదాని ప్లంజరు ఇంకోదానిలో పెట్టకూడదు, మూడూ విప్పి ఒకే గిన్నెలో కలగలిపి కడిగేవాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పాత సామానంతా సంచిలో వేసి ఇవ్వమని పని మొదలుపెట్టకముందే చెప్పు. చెప్పగానే మొహం మాడ్చుకున్నాడంటే నీకు కావాల్సిన జవాబు వచ్చేసినట్టే. బిల్లు మీద "పంపు రిపేరు" అని ఒక్క ముక్క కాదు, ఏ సామాను ఎన్ని అని రాయించు. ఇంకోమాట, ఈ పంపులు చేసే మైకో కంపెనీ పేరు 2008లోనే బాష్ అయినా మన మేస్త్రీలు ఇప్పటికీ మైకో పంపనే అంటారు. ఆ మాట విని పాతకాలపువాడని తీసిపారేయకు.

పంపు దింపేముందు ఫ్లాంజి (పంపుని ఇంజనుకి బిగించే అంచు) మీద, ఇంజను మీద కలిసేట్టు ఒక గీత గీయించు, మళ్లీ అదే గీతకి బిగిస్తే టైమింగ్, అంటే డీజిలు పడే సమయం, పక్కకి జరగదు. పైపుల మూతులకి ప్లాస్టిక్ కవరు కట్టు, వేస్టు దూది కుక్కొద్దు, పోగు ఒక్కటి లోపలికి పోయినా నాజిలు పని ఖతం. మృగశిర లోపల ఈ పని కానిచ్చెయ్. వానపడ్డాక వెళితే ఏ మేస్త్రికీ నీకు గొట్టాలు చూపించే తీరిక ఉండదు, మంచివాడైనా సరే.

కావలిలో వాకబు చేసి షాపు తేల్చుకుంటే ముందురోజు ఫోన్ చెయ్, నేనూ వచ్చి పక్కన కూర్చుంటా. దారిలో ఉలవపాడు దగ్గర ఆగి అత్తకి బంగినపల్లి కాయలు పట్టుకురా. పంపు పెట్టిన సంచిలో మాత్రం వేయకు.

మీ మామయ్య