ముందు కుర్చీ జరపండి, తర్వాత స్పీకర్లు

ప్రశ్న: మాది వరంగల్. మేడ మీద గదిలో జానపద పాటలకు మిక్సింగ్ చేస్తుంటాను, ఈమధ్య మాస్టరింగ్ (మిక్స్ అయిన పాటకు చివరి మెరుగులు దిద్దడం) కూడా అడుగుతున్నారు. గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, స్లాబు ఎత్తూ 10 అడుగులే. ఇక్కడ వింటే బేస్ చాలదనిపించి పెంచుతాను, అదే పాట కారులో పెడితే డోర్లు దడదడలాడుతున్నాయి. ఇప్పుడున్నవి 5 అంగుళాల స్పీకర్లు. లక్షన్నర దాచాను. 8 అంగుళాలవి కొంటే సమస్య తీరుతుందా?

జవాబు: తీరదండీ. మీరు రాయలేదు గానీ, కుర్చీ గదికి సరిగ్గా నడుమ వేసుకున్నారని నా అనుమానం. 12 అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర ధ్వని తిష్ఠ వేస్తుంది. అది గోడల దగ్గర గట్టిగా, నడుమ దాదాపు ఏమీ లేనట్టుగా వినిపిస్తుంది. మీరు కూర్చున్నది ఆ ఏమీ లేని చోటే! పైగా వెడల్పూ ఎత్తూ రెండూ 10 అడుగులే కాబట్టి 56 హెర్ట్జ్ దగ్గర రెండు సమస్యలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. చెవికి అందని బేస్‌ని మీరు పెంచుతూ పోతారు, అదంతా పాటలోకి ఎక్కుతుంది, కారులో బయటపడుతుంది. మొదట్లో నేనూ ఇదే చేశాను, పాడినతను ఫోన్ చేసి "అన్నా, ఇందులో నా గొంతేది?" అన్నాడు.

పొడవు వైపు చూస్తూ, ఎదుటి గోడ నుంచి నాలుగున్నర అడుగుల దూరంలో కూర్చుని అదే పాట మళ్లీ వినండి. పైసా ఖర్చు లేదు. కుడి ఎడమలకు మాత్రం నడుమనే ఉండాలి, లేకపోతే స్టీరియో ఒక పక్కకు ఒరుగుతుంది, కాబట్టి 56 దగ్గరి లోటు కొంత మిగిలే ఉంటుంది. దాన్ని ఈక్వలైజర్‌తో పూడ్చాలని చూడకండి, ఎంత పోసినా అక్కడ నిండదు, స్పీకర్‌కి శ్రమ తప్ప. బేస్ ఒక్కదాన్నీ మంచి ఓపెన్ బ్యాక్ (వెనక మూత లేని) హెడ్‌ఫోన్స్‌లో సరిచూసుకోండి.

డబ్బులో సగం గదికి పెట్టండి. 4 అంగుళాల మందం రాక్‌వూల్‌ని (రాతి నారతో చేసిన పలకల్ని) చెక్క ఫ్రేముల్లో బిగించి గుడ్డ చుట్టించి, నాలుగు మూలల్లో నేల నుంచి స్లాబు దాకా నిలబెట్టండి, పక్క గోడలకూ స్పీకర్ల వెనకాలా కొన్ని. కోడిగుడ్ల అట్టలు బేస్‌ని ఏమీ చేయలేవు, దయచేసి అంటించకండి. కొలతకు ఒక మెజర్‌మెంట్ మైక్ కొనుక్కోండి, రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉచితమే.

మిగిలిన సగంతో 5, 6 అంగుళాల మంచి జత చాలు. స్పీకర్ ఎంత లోతు బేస్ దాకా పలుకుతుందో చెప్పే డబ్బా మీద అంకె చూసి మోసపోకండి. ఉదాహరణకు యమహా హెచ్‌ఎస్5 చూడండి, 54 హెర్ట్జ్ అని ఉంటుంది, అది శబ్దం 10 డెసిబెల్స్ పడిపోయాక లెక్క, 3 డెసిబెల్స్ లెక్కన అయితే 74 దగ్గరే ఆగుతుంది. కొనేది ఏ కంపెనీదైనా ఈ రెండో అంకె అడగండి. స్పీకర్లని గోడకు మూడడుగుల దూరంలో పెడితే 95 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది, డప్పుకీ డోలుకీ దెబ్బ. దాదాపు గోడకు ఆనించి, వెనకున్న స్విచ్‌తో బేస్ కాస్త తగ్గించండి.

ప్రశ్న: తెల్ల కోన్ (ముందు అదిరే పొర) ఉండే యమహా ఎన్‌ఎస్-10 సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. మాస్టరింగ్‌కి పనికొస్తుందా? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మాస్టరింగ్‌కి వద్దు. 1978లో ఇళ్లలో పాటలు వినడానికి వచ్చిన స్పీకర్ అది, స్టూడియోల వాళ్లే ఎత్తుకెళ్లి మిక్సింగ్‌కి వాడుకున్నారు. గొంతు ఉండే మధ్యస్థాయి ముందుకు పొడుచుకొచ్చి, మిక్స్‌లో తప్పులు ఇట్టే దొరుకుతాయి, ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) గీపెడుతోందని దాని మీద టిష్యూ పేపర్ అంటించిన ఇంజినీర్లూ ఉన్నారు. కానీ అడుగు బేస్ దాదాపు పలకదు, మాస్టరింగ్‌లో చూసుకోవాల్సిందే అది. పైగా కోన్‌కి వాడే గుజ్జు దొరక్క 2001లో తయారీ ఆపేశారు, కోన్ చిరిగితే ఇంకో పాత జత వెతుక్కోవాలి. ఆంప్లిఫయర్ కూడా వేరే కొనాలి.